తరగతి గదిలో హోలోకాస్ట్: ఆరు పీరియడ్లలో ఎలా చెప్పాలి

మన ఇళ్లల్లో హిట్లర్ అనే మాటకి వేరే అర్థం ఉంది. తొమ్మిదింటికల్లా టీవీ కట్టేయించే నాన్న హిట్లర్. హోంవర్కు తేకపోతే బెంచీ ఎక్కించే లెక్కల మాస్టారు హిట్లర్. ఆ పేరుతో తెలుగులో సినిమా కూడా వచ్చింది, అందులో ఆ పేరు పడింది హీరోకి. అందుకే తొమ్మిదో తరగతిలో ఈ పాఠం మొదలెట్టిన ప్రతి ఏడూ ఎవడో ఒకడు లేచి "ఎంతైనా డిసిప్లిన్ మనిషి కదా సార్" అంటాడు. వాణ్ణి కసరకండి. ఇంట్లో దొరికిన మాటే వాడు తెచ్చాడు. పాఠం అక్కణ్ణుంచే మొదలవ్వాలి.

నేను సోషల్ చెబుతాను. సీబీఎస్ఈ తొమ్మిదో తరగతి చరిత్రలో హిట్లర్ పార్టీ నాజీల మీద, వాళ్లు యూదుల్ని లక్షల్లో చంపిన హోలోకాస్ట్ మీద ఒక పాఠం ఉంది. పుస్తకంలో ఉన్నది చదివించి, బిట్లు రాయించి వదిలేస్తే రెండు మూడు పీరియడ్లలో అయిపోతుంది. అలా చెబితే పిల్లలు ఒకే ముక్క పట్టుకుని ఇంటికెళ్తారు: ఒక పిచ్చివాడు వచ్చాడు, చంపించాడు, చచ్చాడు. ఆ ముక్కలో మిగతా జర్మనీ అంతా మాయమైపోతుంది. రైలు ఛార్జీలకి బిల్లు వేసిన గుమాస్తా కనపడడు. చంపడానికి రైళ్లలో పంపించేసిన యూదుల సామాను వేలం వేస్తుంటే మంచి దుప్పటి దొరుకుతుందేమోనని వెళ్లిన పక్కింటావిడ కనపడదు. వీళ్లని క్లాసులోకి తీసుకురావడానికే నాకు ఆరు పీరియడ్లు పడుతోంది.

ముందుగా: ఏ వయసుకి ఎంత

ఐదో తరగతి దాకా పిల్లలకి ఈ పాఠం వద్దు. వాషింగ్టన్‌లోని అమెరికా హోలోకాస్ట్ మ్యూజియం వాళ్లు కూడా ఆరో తరగతి నుంచే మొదలెట్టమంటారు. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకి ఒక్క మనిషి కథ చాలు. 1938 డిసెంబర్ నుంచి 1939లో యుద్ధం మొదలయ్యేదాకా సుమారు 10,000 మంది పిల్లల్ని, ఎక్కువమంది యూదులే, నాజీల నుంచి తప్పించడానికి అమ్మానాన్నలు రైలెక్కించి ఒంటరిగా బ్రిటన్ పంపేశారు. కిండర్‌ట్రాన్స్‌పోర్ట్ అంటారు దాన్ని. ఒక చిన్న పెట్టెలో ఏం సర్దుకుంటావు అని అడిగితే ఏడో తరగతి పిల్ల గంటసేపు ఆలోచిస్తుంది. విషవాయువుతో చంపిన గ్యాస్ చాంబర్ల సంగతి ఆ వయసుకి అక్కర్లేదు. తొమ్మిది, పది తరగతులకి మొత్తం కథ చెప్పొచ్చు, చెప్పాలి కూడా. కింద రాసిందంతా వాళ్ల కోసమే.

మొదలెట్టే ముందు రోజు క్లాసుకి ఒక మాట చెప్పండి: "రేపటి పాఠం బరువుగా ఉంటుంది. మధ్యలో బయటికి వెళ్లాలనిపిస్తే అడక్కుండా వెళ్లి, నీళ్లు తాగి రండి." ఎవరూ వెళ్లకపోవచ్చు. వెళ్లొచ్చని తెలిస్తే చాలు, చాలామంది కుదురుగా కూర్చుంటారు.

మొదటి పీరియడ్: మాటలు

బోర్డు మీద నాలుగు మాటలు రాయండి: హోలోకాస్ట్, యూదులు, ఆర్యులు, స్వస్తిక్. ఒక్కోదాని ఎదురుగా పిల్లలకి ఏం తెలుసో రాయించండి. తప్పులు దిద్దొద్దు, ముందు రాయనివ్వండి.

హోలోకాస్ట్ గ్రీకు మాట. పూర్తిగా దహించి అర్పించిన బలి అని దాని మూలార్థం. అందుకే చాలామంది యూదులకి ఆ పేరు గిట్టదు. చచ్చినవాళ్లు ఏ దేవుడికీ బలి ఇచ్చినవాళ్లు కారు గదా. వాళ్లు హీబ్రూలో షోవా అంటారు, మహా విపత్తు అని. మన పత్రికలు రాసే మాటలు చూడండి: మారణహోమం, నరమేధం. ఒకదాంట్లో హోమం, రెండోదాంట్లో అశ్వమేధంలోని మేధం. ఎక్కడో గ్రీకులో ఉన్న చిక్కే మన తెలుగులోనూ కూర్చుంది. తెలుగు పండిట్‌గారిని ఓ పావుగంట పిలిచి ఈ రెండు మాటలూ విప్పించండి. మా స్కూల్లో ఆయన మధ్యాహ్నం టీ మానుకుని వచ్చారు. క్లాసులో నేను మాత్రం హోలోకాస్ట్ అనే వాడతాను, పుస్తకంలో అదే ఉంది కాబట్టి. నిర్వచనం ఒక్క వాక్యంలో రాయిస్తాను: 1933 నుంచి 1945 దాకా నాజీ జర్మనీ, దానికి తోడైనవాళ్లు కలిసి ప్రభుత్వ యంత్రాంగం మొత్తాన్నీ వాడి సుమారు 60 లక్షల మంది యూరప్ యూదుల్ని వేధించి చంపడం.

యూదులు అనే మాట కాస్త జాగ్రత్తగా పట్టుకోవాలి. మన దగ్గర చర్చికి వెళ్లే పిల్లలకి ఆ మాట బైబిల్లోంచి వస్తుంది. వాళ్లలో ఒకరు "యేసుని చంపింది వాళ్లే కదా టీచర్" అంటారు, తప్పకుండా అంటారు. యూరప్‌లో వందల ఏళ్లపాటు యూదుల్ని వెలివేయడానికి వాడిన నింద సరిగ్గా ఇదే. ఆ నిందని మొత్తం యూదుల మీద వేయడం తప్పని 1965లో వాటికన్ సభ అధికారికంగా ప్రకటించింది. యేసూ యూదుడే, ఆయన తల్లీ యూదురాలే అని గుర్తుచేయండి. మన గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే చిన్న యూదు సమాజం ఉందని చెబితే పిల్లలు నమ్మరు. ఉంది. బెనె ఎఫ్రాయిం అంటారు వాళ్లని.

ఆర్య అనే మాట సంస్కృతంలోంచి, పారశీకంలోంచి యూరప్ భాషా పండితుల చేతికి వెళ్లింది. భాషల కుటుంబానికి పెట్టిన ఆ పేరుని తర్వాతివాళ్లు రక్తానికి అంటించారు. నాజీల నోటికి వచ్చేసరికి అది జర్మన్‌వాడు తానే గొప్ప అని చెప్పుకునే మాట అయింది. స్వస్తిక్ సంగతి పిల్లలే అడుగుతారు. కొత్త బండికి పసుపు కుంకుమలతో వేసే గుర్తు, దీపావళికి లెక్కల పుస్తకం మీద వేసే గుర్తు అక్కడ జెండా మీద ఎందుకుందని. నాజీలు 1920లో దాన్ని పార్టీ గుర్తుగా తీసుకున్నారు. జర్మన్‌లో దాని పేరు హాకెన్‌క్రాయిట్స్, కొక్కేల సిలువ అని. మనది తప్పు కాదు, వాళ్లది మనది కాదు. అయితే జర్మనీ వెళ్లిన మన పిల్లాడు టీషర్టు మీద ఆ గుర్తు వేసుకుని తిరిగితే ఎదుటివాడికి గుర్తొచ్చేది గృహప్రవేశం కాదు, ఆ సంగతీ చెప్పండి.

రెండో పీరియడ్: చావుకి ముందు బతుకు

శవాల ఫొటోతో పాఠం మొదలెట్టకండి. నేను మొదలెట్టాను, అందుకే చెబుతున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, వేరే స్కూల్లో, ప్రొజెక్టర్ దొరికిన ఉత్సాహంలో బెర్గెన్-బెల్సెన్ అనే నాజీ శిబిరంలో బుల్‌డోజర్ శవాల్ని గోతిలోకి నెట్టే పాత ఫిల్ము చూపించాను. ముందు బెంచీలో ఒక అమ్మాయి తల బల్ల మీద పెట్టేసింది. వెనక బెంచీలో ఇద్దరు మగపిల్లలు నవ్వారు. భయానికి నవ్వారని ఇప్పుడు తెలుసు, ఆ రోజు కర్రతో కొట్టబోయాను. మర్నాడు ఆ అమ్మాయి రాలేదు. వాళ్ల నాన్న వచ్చి గేటు దగ్గరే నిలబడి "రాత్రంతా పడుకోలేదండి" అన్నాడు. ఆ పిల్ల నేర్చుకున్నది యూదులంటే శవాల కుప్ప అని మాత్రమే. నాజీలు చూపించాలనుకున్నదీ అదే గదా, మనుషులు కాదని.

కాబట్టి రెండో పీరియడంతా బతికున్నవాళ్లే. 1933లో జర్మనీలో యూదులు 5 లక్షల పైచిలుకు, జనాభాలో ఒక శాతం కూడా లేరు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ తరఫున సుమారు లక్ష మంది యూదులు సైన్యంలో పనిచేశారు, 12,000 మంది చచ్చిపోయారు. డాక్టర్లు, పశువుల వ్యాపారులు, బట్టల కొట్లవాళ్లు, ఫుట్‌బాల్ పిచ్చివాళ్లు ఉన్నారు వాళ్లలో.

తర్వాత ఫోన్‌లో ఆకాశవాణి ప్రారంభ సంగీతం పెట్టండి. తంబూరా శ్రుతి మీద వయొలిన్ పలికే ఆ ముక్క పొద్దున్నే రేడియో పెట్టే ఇళ్లల్లో తాతలందరికీ తెలుసు. పిల్లల్లోనూ కొందరు "మా తాత రేడియోలో వస్తుంది" అంటారు. దాన్ని కట్టింది వాల్టర్ కాఫ్మన్ అని చెబుతారు. ఇప్పటి చెక్ దేశంలోని కార్ల్స్‌బాడ్‌లో పుట్టి, బెర్లిన్‌లో, ప్రాగ్‌లో చదువుకున్న యూదు సంగీతజ్ఞుడు. నాజీలు వచ్చాక 1934లో బొంబాయి చేరాడు, 1946 దాకా ఇక్కడే ఉన్నాడు, ఆకాశవాణిలో పనిచేశాడు. ఓడ ఎక్కగలిగినవాడు కాబట్టి మనకి ఆ ముక్క దక్కింది. ఎక్కలేనివాళ్ల దగ్గర ఏమేం పోయాయో పిల్లలే అనుకుంటారు, మీరు చెప్పక్కర్లేదు.

మూడో పీరియడ్: దండెం

ఆరింటిలోనూ నాకు ఇష్టమైనది ఇదే, ఎక్కువ సమయం తినేదీ ఇదే. రెండు పీరియడ్లు కలిపి దొరికితే మరీ మంచిది.

క్లాసులో ఈ గోడ నుంచి ఆ గోడకి బట్టలారేసే తాడు కట్టండి. కింది సంగతులు ఒక్కోటి ఒక్కో చీటీ మీద రాయండి, తేదీలు వెనకవైపు. చీటీలు కలిపేసి పంచండి. పిల్లలు వాదించుకుని, వరస పెట్టి, క్లిప్పులతో తగిలించాలి.

1933 ఏప్రిల్ 1: యూదుల కొట్లలో కొనొద్దని దేశమంతా పిలుపు, కొట్ల ముందు యూనిఫాం వాళ్ల కాపలా. అదే నెల 7: ప్రభుత్వ ఉద్యోగాల్లోంచి యూదుల తొలగింపు, అందులో టీచర్లూ ఉన్నారు. 1935 సెప్టెంబర్ 15: న్యూరెంబర్గ్ చట్టాలు, పౌరసత్వం తీసేశారు, యూదులు కానివాళ్లతో పెళ్లి నేరం. 1938 ఆగస్టు: యూదుడని పేరులోనే తెలియనివాళ్లు మగవాళ్లయితే ఇజ్రాయెల్, ఆడవాళ్లయితే సారా అని అదనంగా తగిలించుకోవాలి. అక్టోబర్: పాస్‌పోర్టు మీద ఎర్రగా జె అక్షరం ముద్ర. నవంబర్ 9, 10: ఒక్క రాత్రిలో వందల ప్రార్థనా మందిరాలు తగలబెట్టి, వేల కొట్ల అద్దాలు పగలగొట్టి, సుమారు 30,000 మంది మగవాళ్లని నిర్బంధ శిబిరాలకి పట్టుకెళ్లారు. నవంబర్ 15: యూదు పిల్లలు ఇక ప్రభుత్వ బడికి రాకూడదు. 1939 సెప్టెంబర్: రేడియోలు అప్పజెప్పాలి. 1941 సెప్టెంబర్: ఆరేళ్లు దాటిన ప్రతివాళ్లూ బట్టల మీద పసుపు నక్షత్రం కుట్టుకోవాలి. 1941 అక్టోబర్: దేశం వదిలి వెళ్లడం నిషేధం. 1942 మే: కుక్కనీ పిల్లినీ పెంచుకోకూడదు.

పిల్లలు ప్రతిసారీ ఒకే పొరపాటు చేస్తారు. కుక్క చీటీని 1933లో పెడతారు. చిన్న ఆంక్ష కాబట్టి ముందు వచ్చి ఉంటుందని వాళ్ల లెక్క. చీటీ తిప్పి తేదీ చూసుకుని, అప్పటికే మనుషుల్ని రైళ్లలో చంపడానికి తీసుకెళ్తున్నారని తెలిశాక క్లాసు కాసేపు మాట్లాడదు. ఆ నిశ్శబ్దాన్ని మాటలతో పూడ్చకండి.

అప్పుడు ఒకే ప్రశ్న వేయండి: "ఏ చీటీ దగ్గర ఎవరైనా అడ్డుపడి ఉంటే కుదిరేది?" హిట్లర్‌ని కాదు, పేర్లు లేని మామూలువాళ్లని వెతకమనండి. యూదు పంతులుగారి ఉద్యోగం పోయినప్పుడు ఆ కుర్చీలోకి వచ్చిన కొత్త పంతులు. నవంబర్ 15న హాజరుపట్టీలో పేరు కొట్టేసిన హెడ్మాస్టర్. పక్క బెంచీ ఖాళీ అయిన పిల్లాడు. క్లాసు రెండుగా చీలి వాదించుకుంటుంది. కొందరు 1933 అంటారు, కొందరు 1938 అంటారు, ఒకరిద్దరు ఎప్పటికీ కుదరదంటారు. సరైన జవాబు నా దగ్గరా లేదు, తేల్చను.

ఒక జాగ్రత్త. ఈ దండెం జర్మనీ కథే చెబుతుంది. చచ్చిపోయినవాళ్లలో ఎక్కువమంది జర్మనీ యూదులు కారు. ఒక్క పోలండ్ యూదులే సుమారు 30 లక్షలు. 1941 జూన్‌లో సోవియట్ యూనియన్ మీద జర్మనీ దాడి మొదలయ్యాక నాజీ తుపాకీ దళాలు ఊరూరా తిరిగి యూదుల్ని కాల్చాయి. కీవ్ పక్కన బాబీ యార్ లోయలో సెప్టెంబర్ 29, 30 తేదీల్లో, రెండే రోజుల్లో, 33,771 మందిని చంపారు. ఆ లెక్క చంపినవాళ్లే రాసి పై అధికారులకి పంపుకున్నారు. ఇది మ్యాపు మీద చూపించి, పది నిమిషాల్లో చెప్పండి.

నాలుగో పీరియడ్: అర టికెట్

1942 జనవరి 20న బెర్లిన్ శివారు వాన్‌సీలో, సరస్సు పక్క బంగళాలో, 15 మంది అధికారులు గంటన్నర సేపు మీటింగ్ పెట్టారు. యూరప్ యూదులందర్నీ ఎలా పోగేసి చంపాలి, ఏ శాఖ ఏ పని చూడాలి అన్నది ఎజెండా. ఆ 15 మందిలో సగం పైగా డాక్టరేట్లు ఉన్నవాళ్లు. చదువుకుంటే మనిషి బాగుపడతాడని రోజూ అసెంబ్లీలో చెప్పే మనకి ఈ ముక్క నోట రాదు. చెప్పాలి.

వాళ్లు పోగేసిన జనాన్ని రైల్లోనే తీసుకెళ్లారు. రైల్వే శాఖ దాన్ని ఉచితంగా చేయలేదు. కిలోమీటరుకి ఇంత అని మూడో తరగతి ఛార్జీ లెక్కగట్టింది. పెద్దవాళ్లకి 4 ఫెనిగ్‌లు, అంటే జర్మన్ పైసలు. పదేళ్ల లోపు పిల్లలకి అర టికెట్. నాలుగేళ్ల లోపు వాళ్లకి ఉచితం. 400 మంది దాటితే గుంపు రాయితీ. వెళ్లడానికే టికెట్, రావడానికి లేదు. వెంట వెళ్లే కాపలావాళ్లకి మాత్రం రానూపోనూ.

ఇది బోర్డు మీద లెక్కల సమస్యలా రాయండి. ఇన్ని కిలోమీటర్లు, ఇంతమంది పెద్దలు, ఇంతమంది పదేళ్ల లోపు వాళ్లు, మొత్తం ఎంత? పిల్లలు మామూలుగా లెక్క వేస్తారు. అర టికెట్ వాళ్లకి బాగా తెలిసిన విషయం, బస్సులో కండక్టర్‌తో వయసు దగ్గర పేచీ పెట్టని తల్లి ఎవరు? లెక్క తేలాక అది ఏ రైలో చెప్పండి. ఇక్కడ నేను కాస్త మోసం చేస్తున్నానని నాకు తెలుసు. మోసం చేయకుండా చెప్పి చూశాను, చెవికి ఎక్కలేదు. తమ చేత్తో లెక్క వేశాక గుమాస్తా కుర్చీ ఎంత మామూలుగా ఉంటుందో వాళ్లకి అర్థమవుతుంది.

ఒక ఏడు ఒక అమ్మాయి అడిగింది: "మరి డబ్బులు ఎవరు కట్టారు సార్?" నాజీ పోలీసు శాఖ కట్టింది. చాలాచోట్ల ఆ సొమ్ము యూదుల దగ్గర జప్తు చేసిందే. డిసిప్లిన్ అన్న కుర్రాడు చివర్లో అడిగిన ప్రశ్న ఇంకోటి: "ఆ బిల్లు రాసినాయనకి పిల్లలున్నారా సార్?" ఉండే ఉంటారు అన్నాను.

ఆ రైళ్లు వెళ్లిన చోట్ల, అంటే చంపడానికి కట్టిన శిబిరాల, పేర్లు రాయించండి: హెల్మ్‌నో, బెల్జెక్, సోబిబోర్, ట్రెబ్లింకా, మైదానెక్, ఆష్విట్జ్-బిర్కెనావ్. ఒక్క ఆష్విట్జ్‌లోనే సుమారు 11 లక్షల మంది చచ్చారు, అందులో 10 లక్షల దాకా యూదులు. విషవాయువుతో చంపారని చెప్పండి, అబద్ధం చెప్పొద్దు. ఎలా అన్నది అంతకు మించి వర్ణించొద్దు.

ఐదో పీరియడ్: అమల్, డాక్టరుగారు, పాల క్యాన్లు

60 లక్షలు అన్న అంకె పిల్లల బుర్రలో నిలవదు. పెద్దల బుర్రలోనూ నిలవదు. చింతగింజలు పోగేసి 60 లక్షలు లెక్కపెట్టించాలని కొందరు ఉత్సాహపడతారు. మనుషుల్ని గింజలు చేయడం నాకు ఇష్టం లేదు. ఒక్క ఇంటి కథ చెప్పండి.

పోలండ్ రాజధాని వార్సాలోని ఘెట్టోలో, అంటే మూడున్నర చదరపు కిలోమీటర్లలోపు గోడ కట్టి 4 లక్షల పైగా యూదుల్ని కుక్కినచోట, ఒక అనాథ పిల్లల హాస్టల్ ఉండేది. నడిపింది యానుష్ కోర్చాక్. పిల్లల డాక్టరు, పిల్లల కథల రచయిత. ఆ హాస్టల్లో పిల్లలే జడ్జీలుగా ఒక కోర్టు ఉండేది, తప్పు చేస్తే టీచర్ల మీదా, డాక్టరుగారి మీదా కూడా కేసు పెట్టొచ్చు. ఈ మాట చెప్పగానే క్లాసు నవ్వుతుంది. నవ్వనివ్వండి.

1942 జూలై 18న ఆ పిల్లలు ఒక నాటకం వేశారు. టాగోర్ రాసిన డాక్‌ఘర్, అంటే పోస్టాఫీసు. రోగంతో గదిలో ఉండిపోయిన అమల్ అనే పిల్లాడు కిటికీలోంచి పెరుగు అమ్మేవాణ్ణి, పూలమ్మాయిని పలకరిస్తూ, రాజుగారి ఉత్తరం కోసం ఎదురుచూసే కథ. బెంగాల్లో పుట్టిన అమల్, గోడ కట్టిన ఘెట్టోలో, పోలిష్‌లో మాట్లాడాడు. చావుని భయం లేకుండా చూడటం పిల్లలకి అలవాటవ్వాలని డాక్టరుగారు ఈ నాటకం ఎంచుకున్నారని చెబుతారు. మూడు వారాలు తిరక్కముందే, ఆగస్టు మొదటి వారంలో, సుమారు 200 మంది పిల్లల్నీ ట్రెబ్లింకా రైలెక్కించారు. తప్పించుకునే దారులు చూపిస్తామన్నా ఆయన వినలేదు, పిల్లలతోనే వెళ్లాడు.

కిటికీ దగ్గర అమల్ పెరుగు అమ్మేవాడితో మాట్లాడే ఘట్టం ఇద్దరు పిల్లల చేత తెలుగులో చదివించండి. ఐదు నిమిషాలు పడుతుంది. నటించడం వరకు ఇంతే. ఘెట్టో పిల్లల్లా నటించమనొద్దు, సగం క్లాసుకి పసుపు నక్షత్రాలు పెట్టొద్దు, చీకటి గదిలో కుక్కి "ఇలా ఉండేది" అనొద్దు. అలా ఉండేది కాదు. పది నిమిషాల ఆటలో వాళ్లకి అర్థమైందని భ్రమ కలుగుతుంది, లేదా నాజీ వేషం వేసినవాడికి అది సరదాగా ఉంటుంది. రెండోది నా కళ్లతో చూశాను.

అదే ఘెట్టోలో చరిత్రకారుడు ఇమాన్యుయెల్ రింగెల్‌బ్లుమ్ బృందం రహస్యంగా కాగితాలు పోగేసింది. డైరీలు, రేషన్ కార్డులు, పోస్టర్లు, పిల్లల వ్యాసాలు. వాటిని రేకు పెట్టెల్లో, పాల క్యాన్లలో పెట్టి నేలలో పాతేశారు. కొన్ని 1946లో, కొన్ని 1950లో బయటపడ్డాయి. పాతినవాళ్లలో పందొమ్మిదేళ్ల దావిద్ గ్రాబర్ ఒకడు. లోకానికి అరిచి చెప్పలేకపోయినదాన్ని మట్టిలో పాతిపెట్టామని చీటీ రాసి పెట్టాడు. వాట్సాప్‌లో "అదంతా కట్టుకథ" అని వచ్చే ఫార్వర్డులకి జవాబు ఇదే. చచ్చినవాళ్లు పాతిన కాగితాలు ఉన్నాయి, చంపినవాళ్ల సొంత లెక్కలున్నాయి, 1945 నవంబర్‌లో న్యూరెంబర్గ్‌లో మొదలైన నాజీ నాయకుల విచారణ రికార్డులున్నాయి.

యూదులు కాక ఇంకెవరు అన్నదీ ఈ పీరియడ్లోనే. వికలాంగులు, స్వలింగ సంపర్కులు, సోవియట్ యుద్ధఖైదీలు. ముఖ్యంగా జిప్సీలని పిలిచే రోమా జాతివాళ్లు, కనీసం రెండున్నర లక్షల మందిని చంపారు. బోర్డు మీద వాళ్ల భాష రోమానీలో అంకెలు రాయండి: యెఖ్, దుయ్, త్రిన్, శ్తార్, పాంజ్. హిందీ చదివే మన పిల్లలు మూడో అంకె దగ్గరే కేకేస్తారు. సుమారు వెయ్యేళ్ల కిందట వాయవ్య భారతం నుంచి వెళ్లినవాళ్ల భాష అది.

ఆరో పీరియడ్: వాళ్ల ప్రశ్నలు

ముందు రోజే పేరు రాయకుండా చీటీల మీద ప్రశ్నలు రాయించుకోండి. ఎక్కువసార్లు వచ్చేవి ఇవి.

ఎందుకు పారిపోలేదు? చాలామంది పారిపోయారు. మిగతావాళ్లని రానిచ్చిన దేశాలు తక్కువ. 1938 జూలైలో ఫ్రాన్స్‌లోని ఏవియాన్‌లో 32 దేశాలు కూర్చుని జాలిపడ్డాయి, ఒక్క డొమినికన్ రిపబ్లిక్ తప్ప దాదాపు ఎవరూ తలుపు తీయలేదు. 1939 మేలో 937 మందితో బయల్దేరిన సెయింట్ లూయీ ఓడని క్యూబా వెనక్కి పంపింది, అమెరికా కూడా రానివ్వలేదు. యూరప్‌కి తిరిగొచ్చిన వాళ్లలో 254 మంది తర్వాత చచ్చిపోయారు.

ఎందుకు తిరగబడలేదు? తిరగబడ్డారు. 1943 ఏప్రిల్ 19న వార్సా ఘెట్టో తుపాకీ పట్టింది, దాదాపు నెల రోజులు నిలబడింది. డెన్మార్క్‌లో అదే ఏడు అక్టోబర్‌లో మామూలు జాలర్లు, వైద్యులు, చదువుకునే కుర్రాళ్లు కలిసి 7,000 పైగా యూదుల్ని పడవల్లో స్వీడన్ చేర్చారు. ఈ కథలు చెప్పండి, కానీ కాపాడినవాళ్లే ఎక్కువన్నట్టు చెప్పకండి. జెరూసలేంలోని హోలోకాస్ట్ స్మారక సంస్థ యాద్ వాషెమ్ అలాంటివాళ్లని పేరుపేరునా గుర్తించింది, అన్ని దేశాలూ కలిపి సుమారు 28 వేలు. యూరప్ జనాభా పక్కన పెట్టి చూడమనండి.

నేతాజీ హిట్లర్‌ని కలిశారు గదా? 1942 మేలో కలిశారు, మన స్వాతంత్ర్యం కోసం. అంతమాత్రాన హిట్లర్ మన స్నేహితుడు కాడు. భారతదేశం ఇంకెవరి చేతిలోనో ఉండేకంటే ఇంగ్లీషువాళ్ల కింద ఉండటమే నయమని హిట్లర్ తన మైన్ కాంఫ్ పుస్తకంలో రాసుకున్నాడు. మన ఫుట్‌పాత్ పుస్తకాల దుకాణాల్లో ఆ పుస్తకం వ్యక్తిత్వ వికాసం పక్కన పెట్టి అమ్ముతారు. కొన్నవాళ్లు ఆ పేజీ దాకా వెళ్లరనుకుంటాను.

"మా ఊళ్లో టీ కొట్లో రెండు గ్లాసులు ఉండేవని తాత చెప్పాడు, అదీ ఇదీ ఒకటేనా సార్?" ఈ చీటీ చూసి టాపిక్ మార్చొద్దు. ఒకటి కాదని చెబుతాను. అక్కడ ఒక ప్రభుత్వం ఒక జనాన్ని పూర్తిగా తుడిచేయాలని పన్నెండేళ్లలో యంత్రం కట్టింది, ఇక్కడిది వందల ఏళ్ల వేరే కథ, దాని పాఠం దానికుంది. కానీ దండెం మీద మొదటి చీటీలు చూసి వాడికి తాత మాట గుర్తొచ్చిందంటే వాడు బాగా చదివాడని అర్థం. ఏది పెద్ద బాధ అని పోటీ పెట్టనివ్వకండి. పాలస్తీనా ప్రశ్న కూడా వస్తుంది, దానికి వేరే పీరియడ్ ఇస్తానని మాటివ్వండి. ఇచ్చిన మాట నిలబెట్టుకోండి కూడా, పిల్లలు మరిచిపోరు.

మార్కుల కోసం బిట్లు ఇవ్వకండి. "ట్రెబ్లింకా ఏ దేశంలో ఉంది" అని ఖాళీలు పూరించమంటే ఆరు పీరియడ్లు బూడిదలో పోసినట్టే. ఒక్క పేజీ రాయించండి: దండెం మీద ఏ చీటీ మీకు గుర్తుండిపోయింది, ఎందుకు. భాష తప్పులకి మార్కులు కోయొద్దు.

వీలైతే జనవరి 27న అసెంబ్లీలో ఐదు నిమిషాలు తీసుకోండి. 1945లో ఆ రోజున సోవియట్ సైన్యం ఆష్విట్జ్ చేరింది, అక్కడ మిగిలినవాళ్లు సుమారు 7,000 మంది. ఐక్యరాజ్యసమితి 2005లో దాన్ని స్మరణ దినంగా ప్రకటించింది. మనకి అది జెండా వందనం మర్నాడు. ముందు రోజు రాజ్యాంగ పీఠిక గట్టిగా చదివిన గొంతులు ఇంకా బొంగురుగానే ఉంటాయి.

దండెం వెంటనే విప్పేయకండి, వారం ఉంచండి. మా దగ్గర ఎనిమిదో తరగతి పిల్లలు ఖాళీ పీరియడ్లో వచ్చి చీటీలు తిప్పి చూస్తారు. మొన్న ఒకడు కుక్క చీటీ పట్టుకుని స్టాఫ్ రూమ్ దాకా వచ్చాడు. "కుక్క ఏం చేసింది సార్?" అన్నాడు. కూర్చోమన్నాను, తర్వాతి పీరియడ్ బెల్లు కొట్టేశారు. రేపు రమ్మన్నాను.